కారుతున్న పాత ట్రాక్టరు



పోయిన నెల ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరం అందింది. ఆయనది నాలుగెకరాల సేద్యం. ఇంట్లో మామగారి కాలం నాటి మాస్సీ 1035 ట్రాక్టరు ఉన్నది. అది నాలుగు చోట్ల కారుతున్నదట. డీజిలు ట్యాంకు కింద ఒకటి. ఇంజను కుడి పక్కంతా నూనె, అది రెండు. క్లచ్చి హౌసింగు అడుగున చుక్కలు, అది మూడు. నాలుగోది, వెనుక కుడి చక్రం లోపలి వైపున తడి. "మెకానిక్కు మొత్తం విప్పాలంటున్నాడు. అంత డబ్బు నా దగ్గర లేదు. బావగారు తూకానికి అమ్మేయమంటున్నారు. మీరు రైతు ఇంట పుట్టినవారు గదా, ఏమంటారు?" అని అడిగారు. ఉత్తరం చివర, సంతకానికి పైన, ఇంకొక వాక్యం ఉన్నది. ఉదయం పిల్లలిద్దరినీ ఆ బండి మీదే మెయిను రోడ్డు దాకా దింపి వస్తున్నానని.

ఆ వాక్యం చదివి నేను నెల ఆగలేదు. ఉత్తరంలో ఉన్న నంబరుకు ఆ సాయంత్రమే ఫోను చేశాను. ఏమి చెప్పానో తరువాత వ్రాస్తాను. మిగతా మూడింటి సంగతి మాత్రం చాలా ఇళ్ళలో ఉన్నదే గనుక ఈ నెల ఈ పేజీ దానికే ఇస్తున్నాను. ట్రాక్టరు లేనివారు క్షమించండి. ఇంట్లో డీజిలు ఇంజను ఉన్నవారికి కూడా ఇందులో సగం పనికి వస్తుంది.

మా నాన్నగారు 1993లో సెకండ్‌హ్యాండులో ఒక 1035 కొన్నారు. సింప్సన్ వారి మూడు సిలిండర్ల ఇంజను. మాది కృష్ణా డెల్టా, దివిసీమ. బండి వచ్చిన మూడో నాటికే మా అమ్మ కనిపెట్టింది. తెల్లవారి ముగ్గు వేయబోతే వాకిట్లో నల్లని మచ్చ. "మీ బండి ఊడ్చిన చోటల్లా ఉమ్మేస్తున్నది" అని నాన్నగారితో అన్నది. ఆయన నవ్వి, పాత బండి అన్నాక కారక మానుతుందా అన్నారు. ఈ మాట నేను ఎన్ని ఊళ్ళలో విన్నానో లెక్క లేదు. మాట అబద్ధం కాదు. పాత బండి కారుతుంది. అయితే ఏది కారుతున్నది, ఎక్కడ నుండి, ఎంత, అనే మూడు ప్రశ్నలను ఆ ఒక్క మాట మూసిపెడుతుంది. అక్కడే చిక్కు.

మా ఊరికి సైకిలు మీద వచ్చే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవారు. నాకు ఈ పని తెలిసినంతవరకు ఆయన పుణ్యమే. మా బండిని మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు ఆయన సంచిలో పానాలు తీయలేదు. ఒక లీటరు కిరోసిను, పాత గుడ్డలు, పళ్ళు తోమి పారేసిన బ్రష్షు అడిగారు. గంటన్నర సేపు ఇంజను కడిగించారు, కడిగినది నేనే. తరువాత మా అమ్మను పిలిచి, "అమ్మా, పిల్లకు రాసే పౌడరు డబ్బా ఉంటే ఇవ్వు తల్లీ" అన్నారు. మా అమ్మకు కోపం వచ్చింది. మా చెల్లెలి పౌడరు ఇంజనుకా? మేస్త్రీగారు ఆ పౌడరు ఆరిన ఇనుము మీద పలుచగా చల్లి, బండి స్టార్టు చేయించి, పావుగంట నడిపించి ఆపించారు. తెల్లని పౌడరు మీద నూనె దారి గీత గీసినట్టు కనబడింది. మేము చాంబరు ప్యాకింగు పోయిందనుకుంటున్నాము. గీత మాత్రం పైన టాపెట్ కవరు మూల నుండి బయలుదేరి, ఇంజను పక్కన జారి, చాంబరు అంచు వెంట వెనక్కి పాకి, అక్కడ చుక్కగా రాలుతున్నది.

ఆ రోజు ఆయన చెప్పినది ఇంతే. నూనె కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి చుక్క రాలే చోట వెతకవద్దు. తడిసిన చోట్లలో అన్నిటికంటె పైన ఉన్నదీ, అన్నిటికంటె ముందు ఉన్నదీ చూడు. కడగకుండా ఎవరైనా ఇది పోయింది, అది పోయింది అని చెబితే అది ఊహే. సహోదరునికి కూడా నేను మొదట చెప్పేది ఇదే. మొత్తం విప్పాలన్న మెకానిక్కు బండిని కడిగి చూశాడా? చూడకపోతే ఆ మాటను అప్పుడే లెక్కలోకి తీసుకోవద్దు.

కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. డీజిలు ట్యాంకు మూత, నూనె పోసే మూత, గాలి లోపలికి పోయే గొట్టం, వీటికి గుడ్డ చుట్టి కట్టండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే కడగండి. దగ్గర బీడీ వద్దు.

ఇక డీజిలు సంగతి. ట్యాంకు కింద కుళాయి, దాని కింద కొన్ని బండ్లకు గాజు గిన్నె, అక్కడ నుండి ఫీడు పంపు, ఫిల్టర్లు, పెద్ద పంపు, నాజిళ్ళు, నాజిళ్ళ దగ్గర మిగిలిన డీజిలు వెనక్కి పోయే సన్న పైపు. ఇదే డీజిలు నడిచే దారి. ఇందులో ప్రతి జాయింటూ కారడానికి అవకాశం ఉన్న చోటే. బండి ఆగి ఉన్నప్పుడు కారితే ట్యాంకు నుండి ఫిల్టరు దాకా చూడండి. బండి నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే పంపు నుండి నాజిళ్ళ దాకా చూడండి. ఈ ఒక్క తేడా తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

ఎంత కారుతున్నదో ఊహించవద్దు, కొలవండి. మా ట్యాంకు కుళాయి కింద ఒక రాత్రి పాలడబ్బా పెట్టి, తెల్లవారి టానిక్కు సీసా మూతతో కొలిచాము. పావు లీటరుకు కాస్త తక్కువ. చూడటానికి నిమిషానికి కొన్ని చుక్కలే. రోజుకు పావు లీటరంటే ఏడాదికి 90 లీటర్లు. నాన్నగారు ఆ లెక్క విని మాట్లాడకుండా లేచి సైకిలు తీశారు. మధ్యాహ్నానికి కొత్త కుళాయి వచ్చింది.

పైపుల జాయింట్లలో చాలాచోట్ల రాగి వాషర్లు ఉంటాయి. బోల్టుకు అటొకటి, ఇటొకటి. ఒకసారి బిగించిన రాగి గట్టిపడుతుంది. విప్పి మళ్ళీ అదే వాషరు వేస్తే కారుతుంది. కొత్తది వేయడం మంచిది. ఊళ్ళో దొరకని యెడల పాతదాన్నే పొయ్యి మీద ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, పైన పట్టిన నల్లటి పొర తుడిచి వేయవచ్చు. కాలిన రాగి మళ్ళీ మెత్తబడుతుంది. ఇది మేస్త్రీగారు మా వంటింట్లోనే చేసి చూపించారు. మా అమ్మ అప్పటికే ఆయన మీద ఆశ వదిలేసింది.

పైపు చివర శంఖు ఆకారంలో ఉండి నట్టుతో బిగించే జాయింట్లు వేరు. అక్కడ డీజిలును ఆపేది ఆ శంఖు, మర కాదు. ఆ మరకు తెల్లటి ప్లంబరు టేపు చుడితే ప్రయోజనం లేకపోగా, టేపు పీచు ఊడి పంపులోకి పోతుంది. పంపు బాగు చేయించిన ఖర్చు తెలిసినవారు ఎవరూ ఆ పని చేయరు. ఇంకొకటి, జాయింటు మీద సైకిలు ట్యూబు ముక్క కట్టడం. మనందరం చేసినదే. డీజిలుకు ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, వారం తిరగకుండా జారిపోతుంది. డీజిలు పైపు అని అడిగి కొనండి. నీళ్ళ పైపు ముక్క కూడా పనికిరాదు.

డీజిలు కారకుండానే డీజిలు లీకు ఉండవచ్చు. ఇది వింతగా ఉంటుంది గాని నిజం. ఫీడు పంపు లాగే వైపు జాయింటు వదులైతే డీజిలు బయటికి రావడం బదులు గాలి లోపలికి పోతుంది. బండి ఉదయాన స్టార్టవుతుంది, రెండు నిమిషాలు నడుస్తుంది, ఎగదిగ ఊగి ఆగిపోతుంది. ఎయిరు తీస్తే మళ్ళీ నడుస్తుంది. రోజూ ఎయిరు తీస్తూ ఏళ్ళు గడిపిన రైతులు నాకు తెలుసు. ఎయిరు తీయడం ఎలాగో తెలియనివారికి: ఫిల్టరు మీద ఉన్న చిన్న స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడు పంపు మీటను చేత్తో కొడుతూ ఉండండి. బుడగలు పోయి నిండు డీజిలు వచ్చినప్పుడు, మీట ఆపకుండానే స్క్రూ బిగించండి. తరువాత పెద్ద పంపు మీద స్క్రూ కూడా అలాగే. ఒకసారి చేసిన తరువాత మళ్ళీ మర్నాడు అవసరం పడితే, చేయవలసినది ఎయిరు తీయడం కాదు. గాలి జొరబడే జాయింటు వెతకడం.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. పంపు నుండి నాజిళ్ళకు పోయే ఉక్కు పైపులలో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి నూరు రెట్లను మించి ఉంటుంది. అక్కడ పగులు నుండి వచ్చే డీజిలు కంటికి కనబడనంత సన్నని ధార. ఇంజను నడుస్తుండగా వేలితో తడిమి వెతికితే ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్క, నొప్పి కూడా పెద్దగా ఉండదు. గంటలు గడిచాక చెయ్యి వాస్తుంది. ఆలస్యమైతే వేలు తీసేయవలసి రావచ్చు. అటువంటిది జరిగితే పసుపు పెట్టి కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోయి, డీజిలు ఒత్తిడితో లోపలికి పోయింది అని అదే మాటగా చెప్పాలి. వెతకడానికి వేలు వద్దు, అట్టముక్క చాలు. దూరం నుండి పట్టుకుంటే తడి అట్ట మీద పడుతుంది. పగిలిన పైపుకు అతుకు లేదు, మార్చవలసిందే.

ట్యాంకుకే సన్న చిల్లి పడితే? పొలంలో ఉండగా అయితే బట్టల సబ్బు గట్టిగా రుద్ది చిల్లిలో కూరండి. సబ్బు డీజిలులో కరగదు, ఇల్లు చేరేదాకా ఆగుతుంది. తరువాత ట్యాంకు దింపి, రేడియేటర్లు అతికేవారి దగ్గరకు తీసుకుపోండి. ఖాళీ అయింది గదా అని వెల్డింగు షాపులో నిప్పు పెట్టించవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే పేలుతుంది. ఆ పని తెలిసినవారు ట్యాంకును బాగా కడిగి ఆవిరి పోగొట్టిన తరువాతగాని మంట దగ్గరకు రానివ్వరు.

ఇంజను నూనె గురించి చెప్పే ముందు రెండు చూడండి. మొదటిది, నూనె కొలిచే పుల్ల. నూనె మట్టం తగ్గడం మనం ఎదురుచూసేదే. పెరిగితే? నూనె పలుచబడి డీజిలు వాసన వస్తే? ఫీడు పంపు డయాఫ్రము చినిగినా, కొన్ని రకాల పెద్ద పంపులకు ఇరుసు సీలు పోయినా డీజిలు చాంబరులోకి దిగుతుంది. బయట నేల పొడిగానే ఉంటుంది. అమ్మలు ముగ్గు వేసేచోట మచ్చ కూడా ఉండదు. లోపల మాత్రం బేరింగులు పలుచటి నూనెతో తిరిగి అరిగిపోతాయి. అటువంటి నూనెతో బండి నడపవద్దు. కారణం బాగు చేసి, నూనె, ఫిల్టరు రెండూ మార్చండి.

రెండవది, ఇంజను ఊపిరి గొట్టం. ఇంజను లోపల పుట్టే గాలి బయటికి పోవడానికి ఒక దారి ఉంటుంది. దుమ్ము, నూనె కలిసి అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి నూనె దొరికిన ప్రతి సందులో నుండి తన్నుకు వస్తుంది. ఆ స్థితిలో ఎన్ని ప్యాకింగులు మార్చినా దండుగే. గొట్టం విప్పి కిరోసినులో కడిగి, ఆరబెట్టి వేయండి. నాలుగు చోట్ల కారే ఇంజను ఈ ఒక్క పనితో రెండు చోట్ల మానడం నేను చూశాను. కడిగిన తరువాత కూడా ఆ గొట్టం నుండి పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు అరిగినట్టు. అప్పుడు పెద్ద పని గురించి ఆలోచించవలసిందే.

సహోదరునికి కుడి పక్కన కారేది నేను చూడకుండా చెప్పలేను గాని, మొదట అనుమానించవలసినది మా బండిలో మాదిరి టాపెట్ కవరునే. అది పలుచటి రేకు. కారుతున్నదని ఒకరి తరువాత ఒకరు బిగించి బిగించి, బోల్టు ఉన్నచోట రేకు లోపలికి కుంగుతుంది. మధ్యలో లేస్తుంది. ఇంకా బిగిస్తే ఇంకా లేస్తుంది. కవరు తీసి, చదును ఇనుము మీద పెట్టి, కుంగిన చోట చిన్న సుత్తితో మెల్లగా సరిచేయాలి. పాత ప్యాకింగు పూర్తిగా గీకాలి, ముక్కలు లోపల పడనివ్వకూడదు. కొత్త ప్యాకింగు పెట్టి కొద్దికొద్దిగా, ఒకటి మార్చి ఒకటి బిగించాలి.

పేస్టు గురించి ఒక మాట. ట్యూబులో వచ్చే సిలికాను పేస్టు మంచిదే, వెంట్రుక మందం రాస్తే చాలు. మనవాళ్ళు రొట్టెకు జాము పూసినట్టు పూస్తారు. బిగించినప్పుడు బయటికి వచ్చినంతే లోపలికీ వస్తుంది. అది ఊడి చాంబరులో పడి, నూనె లాగే జల్లెడకు అడ్డుపడితే ఇంజనుకు నూనె అందదు. కారే ఇంజను నూనె పోస్తే నడుస్తుంది. నూనె అందని ఇంజను నిమిషాలలో పట్టేస్తుంది. నాకైతే కారే ఇంజనే నయం.

ఆయిలు ఫిల్టరు మార్చిన మర్నాడే కారడం మొదలైతే పాత రబ్బరు రింగు గాడిలోనే ఉండిపోయిందేమో చూడండి. దాని మీద కొత్తది కూర్చోదు. ఇది చేయని మెకానిక్కు లేడు, నేనూ చేశాను. అడుగున డ్రెయిను బోల్టు కారినా వాషరు మార్చాలి తప్ప పొడవాటి పైపు వేసి బిగించకూడదు. మర పోతే చాంబరుకే పని పడుతుంది.

మూడవది క్లచ్చి హౌసింగు. దాని అడుగున ఒక రంధ్రం, అందులో వదులుగా ఊగే స్ప్లిట్ పిన్ను ఉంటుంది. చాలామంది అదేదో ఊడిపోయిన ముక్క అనుకుంటారు. కొందరు నూనె కారుతున్నదని ఆ రంధ్రానికి కొయ్యముక్క కొడతారు. దయచేసి అలా చేయవద్దు. ఆ రంధ్రం ఉన్నదే లోపలికి వచ్చిన నూనె క్లచ్చికి అంటకుండా బయటికి పోవడానికి. పిన్ను ఊగుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. అక్కడ రాలే చుక్కను తెల్లకాగితం మీద పట్టండి. నల్లగా ఉంటే ఇంజను నూనె, అంటే క్రాంకు వెనుక సీలు. తేనె రంగులో ఉండి గేరు నూనె వాసన వస్తే ముందు షాఫ్టు సీలు. రెండింటికీ బండిని మధ్యకు విడదీయవలసిందే. పాత ఇంజన్లలో వెనుక సీలు అంటే రెండు అర్ధచంద్రాల్లో కూర్చోబెట్టిన తాడు. అది కొద్దిగా చెమర్చడం మామూలే.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రాత్రికి నాలుగైదు చుక్కలు రాలుతూ, క్లచ్చి జారకుండా పట్టుతుంటే, దానికోసం బండిని విడదీయవద్దు. నూనె మట్టం రోజూ చూసుకోండి. క్లచ్చి ప్లేటు మార్చవలసి వచ్చినప్పుడు ఎలాగూ విడదీస్తారు, అప్పుడు రెండు సీళ్ళూ కలిపి వేయించండి. ఒకే కూలితో పోతుంది.

ఇప్పుడు నాలుగవది. నేను ఫోను చేసినది దీనికోసమే.

వెనుక చక్రం ఇరుసు బయటికి వచ్చేచోట సీలు ఉంటుంది. మన డెల్టాలో దమ్ము చేసేటప్పుడు కేజ్ వీల్సు వేసి, ఇరుసు దాకా బురదలో దిగుతాము. ఇసుక, మట్టి సీలు పెదవికి చేరి దాన్ని కోస్తాయి. మా నాన్నగారి బండికి, ఆ తరం 1035లకు బ్రేకు డ్రమ్ములు ఆ ఇరుసు చివరనే, సీలుకు బయట ఉంటాయి. సీలు దాటిన నూనె నేరుగా బ్రేకు లైనర్ల మీదికి పోతుంది. డ్రమ్ము నిండిన తరువాతే అది రిమ్ము మీద తడిగా కనబడుతుంది. అంటే మనకు కనబడేసరికి లోపల లైనరు ఎప్పుడో తడిసింది.

2004 కోతల కాలంలో మా నాన్నగారు వడ్ల బస్తాల ట్రక్కు తగిలించుకొని కాలువ గట్టు మీద వస్తున్నారు. కుడి రిమ్ము మీద తడి రెండు నెలలుగా ఉన్నది. నేను చూశాను, ఆయన చూశారు. దమ్ములయ్యాక చూద్దామన్నాము, తరువాత కోతలయ్యాక అన్నాము. ఎదురుగా గేదె వచ్చింది. ఆయన బ్రేకు తొక్కారు. తడిసిన కుడి చక్రం పట్టలేదు. పొడిగా ఉన్న ఎడమ చక్రం పట్టింది. బండి ఎడమకు తిరిగింది. ఎడమ వైపు కాలువ. వెనుక నుండి బస్తాల బరువు నెట్టింది. గట్టు అంచున ఉన్న తుమ్మ మొద్దుకు ముందు ఇరుసు తగిలి ఆగింది గాని లేకపోతే నేను ఈ పేజీ ఇలా వ్రాసేవాణ్ణి కాను. మడ్‌గార్డు మీద కూర్చున్న కుర్రవాడు దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాడు మా దగ్గర పనికి వచ్చిన మూడో రోజు. కట్టు విప్పేదాకా వాడి కూలి మా నాన్నగారే ఇచ్చారు. వాడి తల్లి ముందు తల ఎత్తలేకపోయారు.

సీలు ధర ఆనాటికి మేము ఒక పూట కూలివాళ్ళకు పోసే టీ ఖర్చంత.

ఆ సహోదరునికి ఫోనులో ఇదంతా చెప్పలేదు. రేపటి నుండి పిల్లలను నడిపించి తీసుకుపోండి, సీలు పడేదాకా బండి రోడ్డు ఎక్కవద్దు అన్నాను. ఆయన కాసేపు ఆగి, "బ్రేకు కొంచెం ఎడమకు లాగుతున్నదండీ, అది స్టీరింగు లోపం అనుకున్నాను" అన్నారు.

ఈ పని ఇంట్లో చేసుకోగలిగినది కాదు. చక్రం దింపాలి, డ్రమ్ము తీయాలి, ఇరుసు లాగాలి. అయితే పక్కన నిలబడి చూడవలసినవి ఉన్నాయి. బండి కింద జాకీ ఒక్కటే పెట్టి పని చేయనివ్వకండి, గట్టి దిమ్మలు వేయించండి. పాత సీలు మీద ఉన్న కొలతల అంకెలు చూసి అదే కొలత తెప్పించండి. సీలు పెదవి, లోపలి స్ప్రింగు నూనె వైపుకు ఉండాలి, తిప్పి వేస్తే కొత్త సీలు కూడా కారుతుంది. పెదవికి గ్రీజు రాసి, చదునైన కొయ్య అడ్డం పెట్టి సమంగా దింపాలి. స్క్రూడ్రైవరుతో ఒక మూల కొట్టకూడదు. ఇరుసు మీద పాత సీలు కోసిన గాడి వేలికి తగులుతుంటే కొత్త సీలును కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, పెదవి నున్నని చోటుకు వచ్చేలా చూడాలి. గేరు హౌసింగు ఊపిరి మూత కూడా కడిగించండి. అది మూసుకుపోతే కొత్త సీలు మీద కూడా ఒత్తిడి పడుతుంది. నూనె మట్టం గుర్తు దాటి పోయవద్దు.

నూనె తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్ళీ వేయడం మన దగ్గర అలవాటు. ఒక వారం పడతాయి. వేడెక్కితే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. కొత్తవి వేయించండి, రెండు చక్రాలకూ కలిపి వేయించండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది అయితే బండి మళ్ళీ ఒక పక్కకే లాగుతుంది. డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి పారేయండి.

సీలు నూనెను బయటికి వదిలితే నీళ్ళను లోపలికీ రానిస్తుంది. హౌసింగు నూనె పాలు పోసిన టీ రంగులోకి మారి ఉంటే నీళ్ళు చేరినట్టు, మొత్తం దింపి కొత్తది పోయవలసిందే. ఈ బండికి పైకెత్తే హైడ్రాలిక్కు కూడా ఆ నూనెతోనే నడుస్తుంది. తీసిన నూనెను కాలువలో పారబోయవద్దు, డబ్బాలో పట్టి పాత నూనె కొనేవారికి ఇవ్వండి.

పని అయ్యాక ఖాళీ బండితో, చదును పొలంలో, రెండు పెడళ్ళూ కలిపే లాకు వేసి, మెల్లగా పోతూ బ్రేకు తొక్కి చూడండి. రెండు చక్రాల గీతలూ మట్టి మీద సమానంగా పడ్డాయో లేదో దిగి చూడండి. రోడ్డు మీద ఎప్పుడూ ఆ లాకు తీయవద్దు.

పోయిన ఆదివారం సహోదరుడు మళ్ళీ ఫోను చేశారు. కుడి డ్రమ్ము విప్పితే అరగ్లాసు నూనె వచ్చిందట. సీళ్ళు, లైనర్లు వేయించారు. ఇంజను కడిగితే పక్కన కారేది టాపెట్ కవరే. ట్యాంకు కుళాయికి కొత్త వాషరు వేశారు, రాత్రి డబ్బా పెడితే తెల్లవారి పొడిగా ఉన్నదట. క్లచ్చి కింద ఇంకా రాలుతున్నవి, రాత్రికి ఆరు చుక్కలని ఆయన చిన్నమ్మాయి లెక్కపెట్టి చెప్పింది. పిల్లలు ఇప్పటికీ నడిచే పోతున్నారట. బండి బాగయింది గదా అంటే, ట్రాక్టరు మీద డ్రైవరుకు తప్ప సీటు ఎక్కడున్నదండీ అని ఆయనే నన్ను అడిగారు.